తడవడానికి ఒప్పుకున్నవాడే శత్రువు

పిచికారీ యుద్ధానికీ ఓ ధర్మం ఉంది. దోల్ రోజున కోల్‌కతా సందులు దాన్ని ఎక్కడ నిలబెట్టుకుంటున్నాయి, ఎక్కడ తప్పుతున్నాయి?

దోల్ పున్నమి రోజు ఉదయం తొమ్మిదిన్నరకు ఉత్తర కోల్‌కతా సందుల్లో ఓ వింత నిశ్శబ్దం ఉంటుంది. బస్సులు అరకొరగా తిరుగుతుంటాయి. మెట్రో మధ్యాహ్నం దాటితే గాని కదలదు. దుకాణాల షట్టర్లు సగం దించే ఉంటాయి. ఇళ్ల ముందు అరుగుల చాటున మాత్రం యుద్ధ సన్నాహాలు సాగుతుంటాయి. ఓ ఎనిమిదేళ్ల కుర్రాడు అరుగు వెనక నక్కి కూర్చుని, ఆకుపచ్చ ప్లాస్టిక్ పిచికారీని బకెట్లో ముంచి కడ్డీ వెనక్కి లాగుతుంటాడు. ఎదురింటి వరండాలో వాడి శత్రువులు ముగ్గురు. నిన్న సాయంత్రం దాకా వాళ్లంతా వాడి క్రికెట్ జట్టు.

సరిగ్గా అప్పుడే ఓ పెద్దాయన తెల్లటి పంచె, చేతిలో చేపల సంచితో సందులోకి అడుగు పెడతాడు. కుర్రాడు పిచికారీ మూతిని కిందికి దించుతాడు. వరండాలోని ముగ్గురూ తుపాకులు పక్కకు తిప్పుతారు. పెద్దాయన తలెత్తకుండా, అడుగు తడబడకుండా, సందు దాటి మలుపు తిరుగుతాడు. మరుక్షణం నాలుగు వైపుల నుంచీ నీళ్లు లేస్తాయి.

ఆ కాసేపటి విరామంలోనే ఉంది మంచి నీటి యుద్ధం రహస్యమంతా. ఎంత దూరం చిమ్మింది, ఎన్ని లీటర్లు పట్టింది, ఎవరి తుపాకీ ఖరీదెంత అన్నవన్నీ తర్వాతి సంగతులు. ఎవరి మీద చిమ్మకూడదో తెలియడమే మొదటి సంగతి. అది తెలియనిచోట ఏం జరుగుతుందో కూడా కోల్‌కతాకు తెలుసు. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి పోతున్న నర్సు మీద మూడో అంతస్తు నుంచి రంగునీళ్ల బుడగ వచ్చి పడుతుంది. పైన నవ్వులు. కింద తడిసిన బట్టలతో, మండే కంటితో ఒంటరిగా ఓ మనిషి. రెండూ నీళ్లే, రెండూ పండగ పేరుతోనే. మొదటిది ఆట, రెండోది దాడి.

రాజుగారికీ తప్పలేదు

ఈ ఆట వయసు తక్కువేం కాదు. ఏడో శతాబ్దంలో హర్షుడు రాసినట్టు చెప్పే 'రత్నావళి' నాటకం కౌశాంబి నగరపు వసంతోత్సవంతోనే మొదలవుతుంది. వీధుల్లో జనం కొమ్ముగొట్టాలతో ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకునే వర్ణన అందులో ఉంది. తెలుగువారు ఆ పరికరానికి 'చిమ్మనగ్రోవి' అని చక్కటి పేరు పెట్టుకున్నారు. గ్రోవి అంటే గొట్టం. చిమ్మే గొట్టం కనుక చిమ్మనగ్రోవి. ఇప్పుడా మాట నిఘంటువుల్లోకి జారుకుంది. 'పిచికారీ' మిగిలింది గాని, తెలుగు రైతు ఆ మాట వింటే ముందు గుర్తొచ్చేది చేలో పురుగుమందు.

14వ శతాబ్దం చివర్లో కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డి ఏటా జరిపిన వసంతోత్సవాల వల్లే ఆయనకు కర్పూర వసంతరాయలు అనే బిరుదు వచ్చింది. ఆ పేరుతోనే సి. నారాయణరెడ్డి 1957లో కావ్యం రాశారు. కొండవీడు వెలుగు తగ్గాక విజయనగరం ఆ సరదాను అందుకుంది. 1420 ప్రాంతాల్లో అక్కడికి వచ్చిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటి ఓ మూడు రోజుల పండగ గురించి చెప్పాడు. దారి పక్కన కుంకుమపువ్వు రంగు నీళ్లు సిద్ధంగా పెట్టుకుని వచ్చేపోయే వారందరి మీదా చల్లేవారట. రాజునూ రాణినీ కూడా వదిలేవారు కాదు. అందరూ దాన్ని నవ్వుతూ స్వీకరించేవారని కూడా ఆయన చేర్చాడు.

ఆ చివరి వాక్యమే కీలకం. రాజును తడపడం గొప్ప కాదు. తడిసినవాడు నవ్వడం గొప్ప. ఏడాదికి మూడు రోజులు పెద్దా చిన్నా తేడా నీళ్లలో కరిగిపోవాలన్నది ఆ పండగ ఒప్పందం. బలమున్నవాడు బలం లేనివాణ్ని తడపడం ఏడాదంతా జరిగేదే. దానికి ప్రత్యేకంగా పండగ అక్కర్లేదు.

కోల్‌కతాలో రంగుల పండగ రెండు రోజులు. ఫాల్గుణ పున్నమి నాడు బెంగాలీల దోల్ జాత్రా. అది 1486లో నవద్వీపంలో చైతన్య మహాప్రభువు పుట్టిన తిథి కూడా కావడంతో గౌర పూర్ణిమ అని కూడా పిలుస్తారు. గోదావరి ఒడ్డున రామానంద రాయలతో ఆయన జరిపిన సంభాషణ గౌడీయ వైష్ణవులకు ఎంతో ముఖ్యమైన ఘట్టం. కాబట్టి ఈ పున్నమికీ తెలుగు నేలకూ దూరపు చుట్టరికం ఉంది. మర్నాడు బడాబజార్ వైపు హిందీ, మార్వాడీ కుటుంబాల హోలీ. దోల్ ముందు రాత్రి ఎండుటాకులు, కొమ్మలు పోగేసి తగలబెట్టే 'న్యాడా పోడా' ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో కాముడి మంట చూసినవారికి అది కొత్తగా అనిపించదు.

జూట్ మిల్లుల్లో, రైల్వేల్లో పని కోసం తరాల కింద ఉత్తరాంధ్ర నుంచి బెంగాల్‌కు వచ్చిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇంటి ఆచారంగా హోలీ పెద్దగా లేదు. పెళ్లిళ్లలో వసంతాలాడటం, దేవుడి కల్యాణం తర్వాత వసంతోత్సవం మాత్రం ఉన్నాయి. టిటాగఢ్‌లోనో ఖరగ్‌పూర్‌లోనో పెరిగిన పిల్లలకు పిచికారీ పట్టడం నేర్పింది ఇల్లు కాదు, వాడ. బెంగాలీలు 'పాడా' అనేది దాన్నే. అమ్మ వద్దంటున్నా పక్కింటి పిల్లలు తలుపు కొట్టి పిలుస్తారు. అలా పిలుపందుకుని బయటికి వెళ్లడమే ఈ ఆటలో చేరే పద్ధతి.

నాలుగు కిలోల బలం, ఆరు మీటర్ల దూరం

పండగకు కొన్ని వారాల ముందు నుంచే బడాబజార్, క్యానింగ్ స్ట్రీట్ ప్రాంతాల్లో నడవడానికి చోటుండదు. గోనెసంచుల్లో ఆబీర్, తోరణాల్లా వేలాడే ప్లాస్టిక్ తుపాకులు, వీపుకు తగిలించుకునే ట్యాంకులు, సినిమా హీరోల బొమ్మలు. చేప ఆకారంలో ఒకటి, ఏనుగు తొండంలా ఇంకొకటి. 2000 దశకంలో ఈ మార్కెట్‌ను చైనా సరుకు ముంచెత్తింది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ నాణ్యతా ముద్ర తప్పనిసరైంది. 2023లో సుంకం 70 శాతానికి చేరింది. ఇంత తతంగం వెనక ఉన్న వస్తువు పనిచేసే తీరు మాత్రం కౌశాంబి నాటిదే.

పాత తరహా పిచికారీ ఒక గొట్టం, ఒక కడ్డీ, ఒక సన్నటి రంధ్రం. అంతే. గొట్టం వ్యాసం 4 సెంటీమీటర్లు, మూతి రంధ్రం 2 మిల్లీమీటర్లు అనుకుంటే వాటి వైశాల్యాల మధ్య తేడా 400 రెట్లు. కుర్రాడు కడ్డీని సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున నింపాదిగా తోస్తే చాలు, నీళ్లు అటువైపు సెకనుకు 8 మీటర్ల వేగంతో దూకుతాయి. అందుకు కావలసిన బలం సుమారు నాలుగు కిలోల బరువు మోపినంత. మూతిని సగం ఏటవాలుగా ఎత్తితే గాలి అడ్డు లేని లెక్కలో ఆరున్నర మీటర్లు వెళతాయి. సందు ఈ గోడ నుంచి ఆ గోడకు సరిపోతుంది.

దూరం రెట్టింపు కావాలంటే తోపు కూడా రెట్టింపు కావాలి. ఎనిమిదేళ్ల పిల్లలకు అది కష్టం. పైగా ధార గాలిలో చీలి తుంపర్లవుతుంది. ఇక్కడే పాత పిచికారీలో ఓ న్యాయం ఉంది. దాని బలం పట్టుకున్నవాడి చేతి బలమే. ఒకసారి ఖాళీ అయితే మళ్లీ బకెట్ దగ్గరికి రావాల్సిందే. ఆ సమయంలో వాడు నిరాయుధుడు. ఎదుటివాడికి అవకాశం. యుద్ధం ఒక పక్క నుంచి మరో పక్కకు ఊగుతూ ఉంటుంది. ఎవరూ పది నిమిషాలకు మించి గెలుస్తూ ఉండలేరు.

ఈ లెక్కను తలకిందులు చేసింది ఓ అమెరికన్ ఇంజనీర్. అలబామాలో 1949లో పుట్టిన లానీ జాన్సన్ వైమానిక దళంలోనూ, నాసా జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలోనూ పనిచేశాడు. బృహస్పతి వైపు వెళ్లిన గెలీలియో వ్యోమనౌక పనిలో ఆయన చెయ్యి ఉంది. 1982లో ఫ్రియాన్‌కు బదులు నీటితో నడిచే హీట్ పంప్ తయారు చేయాలని ఇంట్లో ప్రయోగాలు చేస్తుంటే, స్నానాల గదిలో కొళాయికి తగిలించిన నాజిల్ నుంచి నీటి ధార గది అవతలిదాకా దూసుకెళ్లింది. హీట్ పంప్ సంగతి తర్వాత, ఇది మంచి బొమ్మ అవుతుందనుకున్నాడు. ముందే గాలిని పంపు కొట్టి ఒత్తిడిని దాచుకోవడం, మీట నొక్కగానే వదలడం అందులోని కిటుకు. 1990లో అది 'పవర్ డ్రెంచర్' పేరుతో దుకాణాలకు వచ్చింది. మరుసటి ఏడాది 'సూపర్ సోకర్' అయింది. 2015లో అమెరికా జాతీయ బొమ్మల గౌరవ మందిరంలో దానికి చోటు దక్కింది. అంతకు రెండేళ్ల ముందు రాయల్టీ వివాదంలో హాస్‌బ్రో కంపెనీ జాన్సన్‌కు 7.29 కోట్ల డాలర్లు చెల్లించాలని మధ్యవర్తిత్వంలో తీర్పు వచ్చింది.

జాన్సన్ కనిపెట్టింది అద్భుతమే. కానీ దాంతో పాటు సందులోకి ఓ కొత్త తేడా కూడా వచ్చింది. ఇప్పుడు గెలుపు చేతి బలం మీద కాక నాన్న జేబు మీద ఆధారపడుతుంది. వీపున ట్యాంకు మోసే అపార్ట్‌మెంట్ కుర్రాడికీ, మందుసీసా మూతకు చిల్లు పొడుచుకుని వచ్చిన పనిమనిషి కొడుక్కీ మధ్య జరిగేది యుద్ధం కాదు, ప్రదర్శన. తెలివైన పాడాల్లో దీనికో పరిష్కారం ఉంది. తుపాకులన్నీ మధ్యలో కుప్ప పోసి జట్లుగా పంచుకుంటారు. పెద్ద తుపాకీ ఉన్న జట్టుకు మనుషులు తక్కువ. లేదా ప్రతి ఆటకూ తుపాకులు చేతులు మారాలి. ఈ నియమాలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆటలో ఓడి ఏడ్చి ఇంటికి పోయినవాణ్ని మళ్లీ ఆటకు రప్పించాలంటే అవి లేకుండా కుదరదని మాత్రం పిల్లలకు తెలుసు.

డాబా మీద దేవుళ్లు

కోల్‌కతా యుద్ధాల్లో అసలు చిక్కు తుపాకీ కాదు, డాబా. పాత ఇళ్ల మేడలు, ఇనుప కటకటాల వరండాలు, ఒకదాన్నొకటి ఆనుకున్న పైకప్పులు. పైనున్నవాడికి గురి దొరుకుతుంది, కిందివాడి ధార పైకి అందదు. ఆరున్నర మీటర్లు అడ్డంగా వెళ్లే నీళ్లు నిట్టనిలువుగా లేస్తే అందులో సగమే. మూడంతస్తుల మేడకు అది చాలదు. పైవాడు దేవుడైపోతాడు.

ఇక వాడి చేతికి నీటి బుడగ దొరికితే సంగతి వేరు. తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి ఊరికే వదిలేసినా బుడగ కిందికి చేరేసరికి గంటకు 48 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. విసిరితే ఇంకా ఎక్కువ. పిచికారీ ధారకూ బుడగకూ ఉన్న తేడా ఇదే. ధార తగిలి చెదురుతుంది. బుడగ పావుకిలో బరువును ఒకే చోట, ఒకే క్షణంలో దించుతుంది. కంటి మీద పడితే లోపల రక్తస్రావం కావచ్చు, రెటీనా దెబ్బతినవచ్చు. ద్విచక్ర వాహనం మీద వెళుతున్నవారికి తగిలితే ప్రమాదం కంటితో ఆగదు. అందుకే ఆదర్శ యుద్ధంలో బుడగకు చోటు లేదు. ధారలోనూ రెండు హద్దులున్నాయి. మెడ దాటి పైకి గురి పెట్టకూడదు. చేయి చాపితే తగిలేంత దగ్గర నుంచి కొట్టకూడదు.

డాబాను ఏం చేయాలి? ఆట మధ్యలో జట్లు స్థానాలు మార్చుకోవడమే దారి. అరగంట పైన, అరగంట కింద. కింద అరగంట నిలబడ్డ కుర్రాడు పైకెళ్లాక కొంచెం చూసి కొడతాడు. పాలనకూ పనికొచ్చే సూత్రమే.

సహజమైనదల్లా మంచిది కాదు

యుద్ధం మధ్యాహ్నానికి ముగుస్తుంది, రంగు ముగియదు. బెంగాలీల్లో 'బాందురే రంగ్' అని ఓ మాట ఉంది, అంటే కోతి రంగు. పూస్తే మనిషి కోతిలా తయారవుతాడు, రోజుల తరబడి వదలదు. బట్టలకూ తోలుకూ వేసే మాలకైట్ గ్రీన్, రోడమిన్ వంటి అద్దకాలు చౌకగా దొరుకుతాయి, చిటికెడు వేస్తే బకెట్ నిండా రంగే. వాటిని మనుషుల చర్మం కోసం తయారు చేయలేదన్న సంగతి పొట్లం మీద ఉండదు.

దీనికి విరుగుడుగా పూలరంగుల వైపు కొంత కదలిక వచ్చింది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పూలతో ఆబీర్ చేసే పద్ధతిని రూపొందించారు. శాంతినికేతన్ బసంత ఉత్సవం సంప్రదాయంలో అయితే పిచికారీకి చోటే లేదు. పసుపుపచ్చ బట్టలు, పాట, పొడి ఆబీర్, అంతే. రవీంద్రుడి చిన్న కొడుకు శమీంద్రనాథ్ 1907లో పిల్లలతో జరిపిన ఋతు ఉత్సవంలో దాని మూలాలు ఉన్నాయంటారు. అక్కడి పలాశ పువ్వే తెలుగువారి మోదుగ. తెలంగాణలో కాముని పున్నమికి మోదుగ పూలు మరిగించి నారింజ రంగు నీళ్లు చేసుకోవడం పెద్దలకు ఇంకా గుర్తు. పిచికారీకి అంతకన్నా మంచి మందుగుండు దొరకదు. చర్మానికి పడుతుంది, నీటికి వదులుతుంది. అయితే రాలిన పూలనే ఏరుకోవాలి. పండగ పేరుతో కొమ్మలు విరిచి మాలలు కట్టడం మీద బెంగాల్‌లో పర్యావరణవాదులు ఏటా మొత్తుకుంటూనే ఉన్నారు.

పాతదీ సహజమైనదీ అయితే చాలు, క్షేమమే అనుకోవడం కూడా పొరపాటే. తెలుగిళ్ల వసంతం సంగతే తీసుకుంటే, పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది. చూడ్డానికి మహా అందం. కానీ సున్నం కంట్లో పడితే నల్లగుడ్డు పైపొరను కాల్చేస్తుంది. పెళ్లిలో గిన్నెతో చేతుల మీద, భుజాల మీద చల్లుకునే నీళ్లవి. వాటిని పిచికారీలో నింపి ముఖానికి గురిపెట్టాలని ఏ అమ్మమ్మా చెప్పలేదు.

అసలు నీళ్ల ఖర్చు తర్వాతే

ఎండాకాలం గుమ్మంలో ఉండగా నీళ్లతో ఆటలేమిటని ఏటా వినిపించే విమర్శ ఉంది. న్యాయమైన ప్రశ్నే, లెక్క మాత్రం మరోలా ఉంటుంది. ఓ సందులో 20 మంది పిల్లలు, తలా లీటరు పట్టే పిచికారీ, ఒక్కొక్కరూ 15 సార్లు నింపుకున్నారనుకుందాం. మొత్తం 300 లీటర్లు. అంటే 15 లీటర్ల బకెట్లు 20. ఆ రోజు వాడింది వదలని రంగు అయితే, ఒక్కొక్కరూ ఒళ్లు తోముకోవడానికి మూడు బకెట్లు అదనంగా పోసుకున్నా 900 లీటర్లు. యుద్ధం కన్నా యుద్ధానంతర స్నానానికే మూడు రెట్లు. రంగు మారిస్తే నీళ్ల ఖర్చు దానంతటదే తగ్గుతుంది. శుభ్రమైన నీళ్లతో ఆడే పిల్లలు ఎండలో ఆరిపోతారు.

కోల్‌కతా నీటి విషయంలో అదృష్టవంతురాలు. హుగ్లీ పక్కనే ఉంది. 19వ శతాబ్దంలోనే పల్తాలో నీటిశుద్ధి మొదలైంది. 1911 నాటికి టాలా దగ్గర 90 లక్షల గ్యాలన్ల ఇనుప ట్యాంకు లేచి నిలబడింది. శుద్ధి చేయని గంగ నీటికి వేరే గొట్టాలు వేసి, వీధులు కడగడానికి రోడ్ల పక్క హైడ్రంట్లు పెట్టారు. సందు పిల్లలకు అదే సులువుగా దొరికే తూటాల కార్ఖానా. కానీ ఆ బురదనీళ్లు కళ్లలోకీ నోట్లోకీ పోవడం మంచిది కాదు. మంచి యుద్ధానికి ఒకటే బకెట్ల వరస ఉండాలి, కొళాయి నీళ్లతో ముందుగానే నింపి, రెండు జట్లకూ మధ్యలో పెట్టాలి. అక్కడికి వచ్చినవాడి మీద కాల్పులు నిషేధం. ఎవరి బకెట్లు వాళ్ల వెనక ఉంటే యుద్ధం కోటల మధ్య జరుగుతుంది. ఉమ్మడి బకెట్ ఉంటే శత్రువులు ఇద్దరూ ఒకే నీళ్లలో చేతులు ముంచాలి. అక్కడ ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వకుండా ఉండటం కష్టం. బకెట్లు ఖాళీ అయితే యుద్ధం ముగిసినట్టే. గడియారం అవసరం ఉండదు.

నవ్వు ఆగిన చోట

నీటి తుపాకీ తమాషాగానే ఉంటుంది, తమాషా ఆగిపోయేదాకా. 1992లో అమెరికాలోని బోస్టన్‌లో నీటి తుపాకులతో మొదలైన గొడవ నిజమైన తుపాకీ దాకా వెళ్లి 15 ఏళ్ల కుర్రాడి ప్రాణం తీసింది. దుకాణాలు ఆ బొమ్మలను అమ్మడం ఆపాలని అప్పటి మేయర్ రేమండ్ ఫ్లిన్ కోరాడు. బొమ్మల మీద చర్చ చాలా నడిచింది. కానీ అక్కడ తప్పిపోయింది బొమ్మ కాదు. తడిసినవాడు ఆటలో ఉన్నాడా లేడా అన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు.

థాయ్‌లాండ్ సంక్రాన్‌లో ఏప్రిల్ 13 నుంచి మూడు రోజులు బ్యాంకాక్ వీధులకు వీధులే తడుస్తాయి. యునెస్కో 2023లో ఆ పండగను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కూడా దాని మూలం పెద్దల అరచేతుల్లో సుగంధ జలం పోసి దీవెనలు అందుకోవడమే. సిలోమ్ రోడ్డులోకి అడుగు పెట్టేవారికి తడవక తప్పదని ముందే తెలుసు. తడవదలచుకోని వారు ఆ దారి మానేస్తారు. చోటు ఒకటి గీసి పెట్టడం వల్ల ఆ ఒప్పందం సగం కుదురుతుంది.

కోల్‌కతా సందుకు అలాంటి గీత లేదు. అది ఆటస్థలం, కూరగాయల దారి, ఆసుపత్రికి అడ్డదోవ, అన్నీ అదే. ఇష్టం లేనివారిపై రంగు చల్లవద్దని పోలీసులు ఏటా హెచ్చరిస్తారు. గస్తీ తిరుగుతారు. అయినా ఆ ఉదయం చాలామంది ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా గడప దాటరు. నమాజుకు వెళ్లేవారు, పనిమీద పోయేవారు, జబ్బుపడినవారు దారి మార్చుకుంటారు. 'కోప్పడొద్దు, ఇది హోలీ' అన్న మాట అనేవాడికి లైసెన్సు, వినేవాడికి శిక్ష. నగరం సగం మంది తలుపులు మూసుకుని కూర్చుంటే, ఆ సగాన్ని ఓడించి మిగతా సగం గెలిచింది అనుకోవాలా?

దీనికి జవాబుగా డబ్బున్నవారు గేట్ల లోపలికి వెళ్లిపోయారు. హౌసింగ్ కాంప్లెక్స్‌లో టికెట్టు, చేతికి పట్టీ, పైన షవర్లు, డీజే, రెయిన్ డ్యాన్స్. భద్రత ఉంది, కాదనలేం. కానీ అక్కడ నీళ్లు పైనుంచి అందరి మీదా సమానంగా పడతాయి. గురి లేదు, నక్కడం లేదు, ముంచిన పిచికారీ లేదు. తనకంటే పేదవాడి చేతిలో తడిసే అవకాశం అసలే లేదు. విజయనగరం రాజుకు దొరికినది ఈ కాంప్లెక్స్ వాసికి దొరకదు. సందు ఖాళీ అయ్యేకొద్దీ అక్కడ మిగిలేది ఆట తెలిసిన పిల్లలు కాదు, బుడగలు పట్టుకున్న పోకిరీలు. వారిని చూసి మరికొందరు గేటు లోపలికి పోతారు.

ఆ చక్రాన్ని తిప్పి వదిలేది చట్టం ఒక్కటే కాదు. సందు చివర సుద్దతో ఓ గీత గీసి, ఒక పిల్లవాణ్ని కాపలా నిలబెట్టి, వచ్చేవారిని 'ఆడతారా, వెళతారా?' అని అడిగించడం చాలు. ఆడనన్నవారు దాటేదాకా రెండు పక్షాలూ మూతులు దించాలి. అడిగేవాడి పని కాల్చేవాడి పనికన్నా గొప్పదని పిల్లలకు పెద్దలు చెప్పాలి. అది చెప్పడానికి ముందు పెద్దలు తమ గ్లాసులు పక్కన పెట్టి వరండాలోకి రావాలి. దోల్ రోజు జరిగే అల్లరిలో పిల్లల వాటా కన్నా మత్తులో ఉన్న పెద్దల వాటాయే ఎక్కువ.

పన్నెండున్నరకు బకెట్లు అడుగంటుతాయి. సందులోని కాలవ గులాబీ రంగులో పారుతుంటుంది. వంటిళ్ల నుంచి మాంసం కూర వాసన వస్తుంటుంది. అరుగుల మీద పంచదారతో చేసిన 'మఠ్'లు, చక్కెర పూసిన 'ఫుట్‌కడాయ్' గింజలు చేతులు మారుతుంటాయి. ఎవరు ఏ జట్టో ముఖాలు చూసి చెప్పడం కష్టం. తుపాకుల్లో సగం అప్పటికే విరిగిపోయి ఉంటాయి.

పొద్దున్న చేపల సంచితో వెళ్లిన పెద్దాయన అప్పుడు అరుగు మీదికి వచ్చి కూర్చుంటాడు, అదే తెల్ల పంచె. తడి తల, ఎండిన ముఖం, చేతిలో చిటికెడు ఎర్ర ఆబీర్‌తో ఆ కుర్రాడు వెళ్లి ఆయన పాదాల మీద వేస్తాడు. బెంగాలీ ఇళ్లలో పెద్దలకు రంగు అలాగే పెట్టాలి. ఆయన వాడి తల మీద చెయ్యి వేసి, తన ముఖాన్ని కాస్త ముందుకు వంచుతాడు. ఈసారి ఆయనే అడిగాడు గనక కుర్రాడు చెంపలకు కూడా రాస్తాడు.